త్యాగయ్యగారి జీవితం మీద సినిమా తీయాలంటే: పాట ముందు, సీను తర్వాత

వాగ్గేయకారుడి (సాహిత్యం, సంగీతం రెండూ తానే కూర్చినవాడి) మీద తీసే చారిత్రక చిత్రం నటన బాగాలేక చెడిపోవడం తక్కువ. శ్రుతి తేడా రావడం వల్లో, ఆ కాలంలో లేని వస్తువు ఫ్రేములో దూరడం వల్లో చెడిపోవడమే ఎక్కువ. పైగా త్యాగరాజస్వామి కృతులు నోటికొచ్చిన ప్రేక్షకులు తెలుగునాట ఊరికి పదిమంది ఉంటారు. వాళ్ళ చెవిని ఏమార్చడం కుదరదు. 1946లో నాగయ్యగారు, 1981లో సోమయాజులుగారు వేసిన రూపం కూడా వాళ్ళ మనసులో స్థిరపడి ఉంది.

కింద చెప్పేదంతా చిన్న జట్టు, తక్కువ డబ్బుతో తీసే నలభై నిమిషాల చిత్రానికి. పూర్తి నిడివి సినిమాకైనా పద్ధతి ఇదే, లెక్కలు పెంచుకోవాలంతే. స్క్రీన్‌ప్లే రాసి అందులో పాటలు ఇరికించే అలవాటు ఇక్కడ పనికిరాదు. అయిదు కృతులు ముందు ఎంచుకోండి, రికార్డు చేయండి, ఆ తర్వాతే సీన్లు రాయండి. నలభై నిమిషాల్లో పాట పన్నెండు పదమూడు నిమిషాలు మించితే కథ ఆగిపోతుంది. ఎనిమిది నిమిషాలకు తగ్గితే ఇది ఎవరి కథో తెలియకుండా పోతుంది.

మూడు రంగుల స్క్రిప్టు

త్యాగయ్యగారి జీవితంలో రూఢిగా తెలిసింది కొంచెం, పరంపరగా చెప్పుకొనేది చాలా ఎక్కువ. స్క్రిప్టు ప్రింటు తీసి ప్రతి సీనుకూ పక్కన రంగు గీయండి. తారీఖు, ఊరు, మనిషి తేలిన విషయానికి నీలం. రాజు పంపిన కానుకలు తిప్పి పంపడం, అన్నగారు విగ్రహాలు కావేరిలో పడేయడం వంటి పరంపర కథలకు పసుపు. మీరు కల్పించినదానికి ఎరుపు. వరసగా మూడు పేజీలు ఎరుపే కనబడితే కథ మీ చేతుల్లోంచి జారిందని అర్థం. పసుపు సీన్లను మానేయమనడం లేదు, అవి లేకపోతే ఈ చిత్రానికి కండే ఉండదు. వాటి కింద సంవత్సరం మాత్రం వేయకండి.

వయసు లెక్క గోడకు అంటించుకోవాల్సిన కాగితం. పుట్టింది 1767 మే 4న, తిరువారూరులో. తండ్రి కాకర్ల రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. పెరిగిందీ బతికిందీ తిరువయ్యారులో. హైదరాలీ సేన తంజావూరు సీమను తొక్కిన 1781కి ఆయనకు పద్నాలుగేళ్ళు. తంజావూరు రాజుగా రెండో శరభోజి గద్దెనెక్కిన 1798కి ముప్పై ఒకటి. మరుసటి ఏడే రాజ్యం పరిపాలన ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, రాజుకు కోట మాత్రం మిగిలింది. తోటి వాగ్గేయకారుల్లో శ్యామశాస్త్రిగారు 1827లో, ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో పోయారు. త్యాగయ్యగారి నిర్యాణం 1847 జనవరి 6, పుష్య బహుళ పంచమి.

ఈ లెక్క వేసుకోకపోతే ఏమవుతుందంటే, శరభోజి దర్బారుకు పిలిస్తే త్యాగయ్య రానన్న సీనులో హీరో ఇరవై ఏళ్ళ కుర్రాడిలాగో, తెల్లగడ్డం తాతలాగో కనిపిస్తాడు. శరభోజి 1832 దాకా రాజు కాబట్టి ఆ సీనులో త్యాగయ్యకు ముప్పై ఒకటి నుంచి అరవై నాలుగు దాకా ఎంతైనా ఉండొచ్చు. ముప్పై అయిదు దగ్గర పెడితే వద్దనడంలో తెగువ కనిపిస్తుంది. అరవైలో వద్దంటే అది విరక్తి అనుకుంటారు. ఏదో ఒకటి తేల్చుకుని మేకప్ మనిషికి రాసివ్వండి. దర్బారు కూడా తెలుగు దర్బారు కాదు, మరాఠా దర్బారు: తలపాగాలు, అంగరఖాలు, మోడీ లిపిలో రాసే కాగితాలు. శరభోజి జర్మన్ మిషనరీ ష్వార్ట్జ్ దగ్గర పెరిగినవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని పెంచినవాడు. అతణ్ని మీసం మెలేసే మూర్ఖుడిగా చూపిస్తే సీను తేలిపోతుంది. అంత చదువుకున్న రాజు పిలిచినా రానన్నాడంటేనే దానికి బరువు.

కృతులే మీ మొదటి ఆధారం. కాపి రాగంలో ‘అన్యాయము సేయకురా’లో పూర్వజుడి వల్ల పడే బాధ ప్రస్తావన నేరుగా ఉంది. సహానలో ‘గిరిపై నెలకొన్న’లో పది పూటల తర్వాత కాపాడతానని రాముడు అన్నట్టు, ‘పదిపూటలపై కాచెదను’ అన్న మాట ఉంది. చివరి రోజుల సీను మొత్తం ఆ ఒక్క కృతి నుంచే రాయొచ్చు. బాల్యానికి ‘నమో నమో రాఘవాయ’ చాలు. అది చిన్నప్పుడు ఇంటి గోడ మీద రాశారని పరంపర. విగ్రహాలు పోయిన ఘట్టానికి హరికాంభోజిలో ‘నేనెందు వెతుకుదురా’, దొరికిన ఘట్టానికి బిలహరిలో ‘కనుగొంటిని’ అని అందరూ వాడతారు. వాడొచ్చు, పసుపు గీత మాత్రం మరవొద్దు.

ఘనరాగ పంచరత్నాలు (ఆయన అయిదు పెద్ద కృతులు) పదిమంది కూర్చుని ఒక్క గొంతుగా పాడే దృశ్యం ఆయన జీవితకాలంలో పెట్టకండి. అది ఏటా ఆయన వర్ధంతికి జరిపే ఆరాధనలో ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన సంప్రదాయం. గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు కట్టించిన సమాధి మందిరం కూడా 1920లలోది. అది కావాలంటే చివరి టైటిళ్ళ దగ్గర చూపించుకోవచ్చు.

పాటను కుదించడం

కచేరీలో పది నిమిషాలు సాగే కృతి సినిమాలో రెండున్నర, మూడు నిమిషాల్లో ముగియాలి. సెకన్ల లెక్కతో కోయడం మొదలుపెడితే తాళం తెగుతుంది. కోత ఎప్పుడూ ఆవర్తనాల్లోనే (ఆవర్తనమంటే తాళం ఒక పూర్తి చుట్టు). ఎనిమిది అక్షరాల (లెక్కల) ఆదితాళం నిమిషానికి 72 అక్షరాల నడకలో ఉంటే ఒక ఆవర్తనం 6.67 సెకన్లు. 2 నిమిషాల 40 సెకన్లంటే సరిగ్గా 24 ఆవర్తనాలు. పల్లవికి 8, అనుపల్లవికి 6, చరణానికి 8, మళ్ళీ పల్లవి అందుకోవడానికి 2. ఎడిటర్‌కు ఇచ్చే కాగితం మీద సెకన్లతో పాటు ఆవర్తనం నంబరు కూడా ఉండాలి.

త్యాగయ్యగారి కృతుల్లో చాలావాటికి దేశాది ఎత్తుగడ. ఇప్పుడు ఆదితాళం వేసి, సమం (ఆవర్తనం మొదలు) నుంచి ఒకటిన్నర అక్షరం వదిలి అందుకుంటారు. ఎడిటర్‌కు ఇది తెలియకపోతే పాట మొదలైనచోటే ఆవర్తనం మొదలనుకుని కోస్తాడు. ఆ తర్వాత మృదంగం దెబ్బ ఒకచోట, పదం ఇంకోచోట పడతాయి. ఏం తేడా వచ్చిందో చెప్పలేకపోయినా, వినేవాడికి ఇబ్బంది మాత్రం తెలుస్తుంది.

కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’కు వద్దాం, ఎందుకంటే ఈ కథ తీసే ప్రతివాళ్ళూ దాన్ని పెడతారు. అది చాపుతాళం, 3+4గా ఏడు అక్షరాలు. నటుడికి ఆది ఒక్కటే నేర్పి సెట్టుకు పంపితే రెండో ఆవర్తనానికే చెయ్యి తప్పుతుంది. అక్షరానికి అర సెకను చొప్పున వేసుకుంటే ఆవర్తనం మూడున్నర సెకన్లు, 45 ఆవర్తనాలకు రెండు నిమిషాల ముప్పై ఏడు సెకన్లు. రాజదూతలు వాకిట్లో నిలబడి ఉండగా పాడే పాట ఇది. అనుపల్లవి తీసేసినా కథకు లోటు లేదు. ‘నరస్తుతి సుఖమా’ అన్న పాదం లేకపోతే మాత్రం ఆ సీనుకు అర్థమే లేదు. కాబట్టి చరణం మొత్తం ఉంచండి, ఆ పాదం రెండుసార్లు పడనివ్వండి, రెండోసారి దూతల ముఖాల మీద షాటు పెట్టండి.

ఇదే చరణంలో ఒక చిక్కుంది. ‘గంగా స్నానము సుఖమా’ తర్వాత వచ్చే పదం ‘కర్దమ’. ప్రాస కోసం ‘దమ’ మీద ఊపు పడుతుంది కాబట్టి గాయకుడు ‘సుఖమాకర్’ అని ఆగి, ఊపిరి తీసుకుని, ‘దమ దుర్విషయ’ అని అందుకోవడం తరచూ వింటాం. కచేరీలో చెల్లిపోతుందేమో గాని, తెర మీద పెదవులు దగ్గరగా కనబడుతుంటే తెలుగు ప్రేక్షకుడు ముఖం చిట్లిస్తాడు. అందుకని ప్రతి కృతికీ ఒక పేజీ తయారుచేయండి. పైన సాహిత్యం, దాని కింద పదవిభాగం, కింద అర్థం, ఊపిరి తీసుకోదగ్గ చోట గీత. గాయకుడికి ఒక ప్రతి, నటుడికి ఒక ప్రతి. తెలుగు మాతృభాష కాని గాయకులు పాడుతుంటే పక్కన తెలుగు వచ్చినవాళ్ళు కూర్చుని తీరాలి.

సంగతుల (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరుల) విషయంలో పొదుపు పాటించండి. ఇప్పుడు కచేరీల్లో వినే సంగతుల్లో శిష్యులూ, ఆ తర్వాతి తరాలవాళ్ళూ కలిపినవీ ఉన్నాయి. కృతి పుడుతున్న సీనులో పది సంగతులు గుప్పిస్తే అది సృష్టిలా ఉండదు, కచేరీలా ఉంటుంది. నాలుగు చాలు: మొదటిది సాదాగా, రెండో మూడో సంగతుల్లో ఒక్కో చోట మాత్రమే మార్పు, నాలుగోది విప్పుకున్నట్టు. పైన చెప్పిన ఆదితాళం నడకలో, సంగతికి రెండు ఆవర్తనాల చొప్పున నాలుగింటికీ యాభై మూడు సెకన్లు. ఒక సంగతి ఆయన పాడితే తర్వాతది శిష్యుడు తడబడుతూ అందుకోవాలి. ఎండుటాకు రాలగానే వాద్యబృందంతో సహా కృతి మొత్తం ఊడిపడే సీను ఇప్పటికే చాలామంది తీశారు. మీరు కూడా తీయనక్కర్లేదు.

రికార్డింగు

శ్రుతి ముందే కట్టేయండి. బాలుడి గొంతు, నడివయసు గొంతు, వృద్ధుడి గొంతు ముగ్గురు పాడితే మంచిది. నడివయసుకు రెండు శ్రుతి (హార్మోనియం మీద రెండో తెల్లమెట్టు) పెడితే వృద్ధాప్యానికి ఒకటి చాలు. వయసు మీద పడిందని చెప్పడానికి గొంతు వణికించడం కన్నా శ్రుతి దించడం నయం. రీరికార్డింగు (నేపథ్య సంగీతం) చేసేవారికి ఈ శ్రుతుల పట్టిక మొదటిరోజే ఇవ్వాలి. సీను వెనకాల వినిపించే స్వరం ఒక శ్రుతిలో ఉండి, కట్ అవగానే కృతి వేరే శ్రుతిలో ఎత్తుకుంటే, ఎంత గొప్ప గాయకుడైనా అపశ్రుతిగా వినిపిస్తాడు.

క్లిక్ ట్రాకు (లయ కోసం వినిపించే టిక్ టిక్ శబ్దం) బదులు మృదంగం గైడు వాడండి. క్లిక్‌కు కట్టిపడేస్తే కాలప్రమాణం నిలుస్తుంది గాని నడకలోని ప్రాణం పోతుంది. పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ జోలికి అసలు పోవద్దు. అది గమకాన్ని (స్వరాన్ని ఊపి పలికే తీరును) తప్పు అనుకుని పక్క స్వరానికి లాగి అతికిస్తుంది. తోడి గాంధారం, వరాళి, సహాన దానికి దొరికితే గుర్తుపట్టలేరు. తప్పు పాడితే మళ్ళీ పాడించడమే మందు.

ఫైలు 48 కిలోహెర్ట్జ్ వేవ్. ఎవరో ఫోనుకు పంపిన 44.1 ఫైలును మార్చకుండా 48 అనుకుని టైమ్‌లైనులో పడేస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. అది వెంటనే తెలుస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ. అసలు ప్రమాదం 24 ఫ్రేములకూ 25 ఫ్రేములకూ మధ్య ఉంది. షూటింగు 24లో చేసి ఎడిటింగు 25లో మొదలుపెడితే నాలుగు శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి ముప్పాతిక స్వరస్థానానికి కాస్త తక్కువగా ఎక్కుతుంది. ఎడిటింగు గదిలో ఎవరూ పట్టుకోరు. మిక్సింగులో కొత్త తంబురా కలిపిన రోజు గొడవ బయటపడుతుంది. కెమెరా, రికార్డర్, ఎడిటింగు ప్రాజెక్టు మూడూ 24 అని మొదటిరోజే కాగితం మీద రాసి ముగ్గురి చేతా సంతకం పెట్టించండి.

హక్కుల మాట. త్యాగయ్యగారి సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. రికార్డుల మీద ఉంటుంది. మన చట్టంలో శబ్దముద్రణకు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ళు. పాత రికార్డు నచ్చిందని తీసి వాడకుండా కొత్తగా పాడించుకోండి, గాయకుడితోనూ వాద్యకారులతోనూ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.

నటుడి శిక్షణ

షూటింగుకు ఆరు వారాల ముందు మొదలవ్వాలి. రోజూ పావుగంట తంబురా. నాలుగు తీగల్లో మధ్యవేలితో పంచమం, తర్వాత చూపుడువేలితో సారణి, అనుసారణి, మంద్రం. లాగకుండా వేలి పక్కతో తాకి వదలాలి. గిటారు మీటినట్టు గోళ్ళతో గిల్లితే దగ్గరి షాటు పోయినట్టే. పాటతో పాటు తంబురా కూడా తాళానికి మీటడం కొత్తవాళ్ళు చేసే ఇంకో పొరపాటు. తంబురా తన లెక్కన తాను సాగాలి, తాళంతో దానికి పనిలేదు.

తాళం ఆదికి: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, మధ్యవేలు, తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. చూస్తే తేలిక. నోట్లో సాహిత్యం పెట్టుకుని వేస్తే మూడో వేలి దగ్గర తప్పుతుంది. ఆరు వారాల తర్వాత కూడా తప్పుతుంటే మొహమాటపడకుండా ఫ్రేము ఛాతీ పైకి జరపండి. చెయ్యీ నోరూ ఒకే ఫ్రేములో ఉండే షాటు, నిలబెట్టగలిగిన నటుడికే.

పెదవులు ఆడిస్తే చాలదు, సెట్టులో నటుడు గొంతెత్తి పాడాలి. ఎంత అపశ్రుతిలో పాడినా ఫరవాలేదు, ఎలాగూ ఆ ధ్వని వాడం. మెడ నరాలు, పొట్ట కదలిక, ఊపిరి తీసినప్పుడు లేచే భుజం ఇవన్నీ పాడితేనే వస్తాయి.

ఆ కాలంలో లేనివి

ఈ భాగం ఆర్ట్ డిపార్టుమెంటుకు ఇవ్వడానికి. రాముడి పూజ సీనులో గోడకు క్యాలెండరు పటం తగిలిస్తారు. రవివర్మ ముద్రణాలయం 1890లలోది, కాబట్టి ఆ ముఖాలున్న పటం ఏదీ పనికిరాదు. పంచలోహ విగ్రహాలు, లేదా చెక్క మీద వేసిన తంజావూరు చిత్రం పెట్టండి. కాఫీ గ్లాసు వద్దు, అగ్రహారాల్లో అది ఇంటింటి అలవాటు కావడం ఆ శతాబ్దం చివరి మాట. స్టీలు వద్దు, ఇత్తడి, కంచు, రాగి చెంబులే. కిరసనాయిలు బుడ్డి వద్దు, ఆముదం, నువ్వులనూనె ప్రమిదలు. మంగుళూరు పెంకు 1860లలో మొదలైంది, కాబట్టి కప్పుకు నాటు పెంకు. లోగిలి ఇల్లు దొరికిందని సంతోషించి పైకి చూడకుండా కెమెరా పెడితే అక్కడే దొరికిపోతారు. కోనసీమలో తీస్తే ఈ ఇబ్బంది తప్పదు. పెంకు కనబడకుండా మండువాలోకి దించి తీయడం చవక.

చీరలకూ ఉత్తరీయాలకూ రసాయన రంగులు 1856 తర్వాతివి. నీలిమందు, చిరివేరు, పసుపు ఇచ్చే రంగులే వాడండి. మెరిసే గులాబీ, ఫ్లోరసెంట్ పచ్చ ఒక్క శాలువాలో ఉన్నా డీఐలో (ఎడిటింగు తర్వాత రంగులు సరిచేసే పనిలో) దాన్ని చంపడానికి రోజంతా పడుతుంది. పంచె నూలుది, 9×5 జత: పంచె తొమ్మిది మూరలు, ఉత్తరీయం అయిదు మూరలు. కొత్తది కొని నాలుగుసార్లు ఉతికించాకే సెట్టుకు. ఒక్కో పాత్రకు ఒకేలాంటివి మూడు జతలు లేకపోతే నది సీను రెండో టేకు తీయలేరు.

వాద్యాల్లో దొరికిపోవడం ఇంకా తేలిక. వీణకు గేరు బిరడాలు, మృదంగానికి బోల్టులు ఉంటే తిప్పి పంపండి, చెక్క బిరడాలూ తోలు వారూ ఉన్నవే తెప్పించండి. వీణ కింద అతికించిన పికప్ మైకు పీకేయడం మరవొద్దు. హార్మోనియం ఎక్కడా వద్దు. వయొలిన్ ఉండొచ్చా అని చాలామందికి అనుమానం. వయొలిన్ వాయించిన బాలుస్వామి దీక్షితులు, తంజావూరు నలుగురన్నదమ్ముల్లో వడివేలు ఆ తరంవాళ్ళే. తిరువాన్కూరు రాజు స్వాతి తిరునాళ్ వడివేలుకు దంతపు వయొలిన్ బహూకరించింది 1834లో. కాబట్టి వృద్ధాప్యం సీన్లలో ఒక్క వయొలిన్ మూలన కనబడినా తప్పు లేదు, యవ్వనం సీన్లలో మాత్రం వద్దు.

తాటాకు రాత దగ్గరి షాటు ఈ చిత్రానికి ప్రాణం. ఎక్కువగా చెడేదీ అదే. గంటంతో రాస్తున్నప్పుడు అక్షరం నల్లగా పడదు, ఆకు మీద గీత గీసినట్టు ఉంటుంది. రాయడం అయ్యాక నూనెలో కలిపిన దీపపు మసి రుద్ది తుడిస్తే అప్పుడు అక్షరాలు నల్లగా తేలతాయి. శిష్యుడు మసి రుద్దుతుండగా పల్లవి మొదటి మాట బయటికి రావడం ఒకే షాటులో తీయండి, దానికి మించిన గ్రాఫిక్స్ లేదు. ఆకును ఎడమచేతిలో పట్టి రాస్తారు, బల్ల మీద పెట్టి కాదు. మాటల మధ్య ఖాళీలు ఉండవు. కంప్యూటర్ ఫాంటు అచ్చేసిన ఆకు దూరపు షాటుకే సరి. చేత్తో రాసినవి పది ఆకులు సిద్ధం చేసుకోండి, ఎండిన ఆకు లైట్ల వేడికి ఫట్‌మని చీలుతుంది.

ఏరు, ఊరు, దీపం

తిరువయ్యారు దగ్గర కావేరిలో నీళ్ళు మెట్టూరు డ్యాము మీద ఆధారపడతాయి. మామూలుగా జూన్ 12న వదిలి జనవరి 28కి మూస్తారు. వేసవిలో వెళితే మీకు దొరికేది ఇసుక. వర్షాలూ పంటలూ చూసుకుంటే ఆగస్టు, సెప్టెంబరు మంచివి. ఆరాధన రోజుల్లో జనవరిలో ఊరంతా కిటకిటలాడుతుంది, పీరియడ్ షాటు కుదరదు. గోదావరిని కావేరిగా చూపించేటట్టయితే అసలు పాయను కాక దగ్గరి కాలువను వాడండి. గోదావరి వెడల్పు ఎవరికైనా తెలిసిపోతుంది.

నీటి మీద గుర్రపుడెక్క, గట్టు మీద సర్కారుతుమ్మ, వయ్యారిభామ ఉంటే పీకించాలి. ఈ మూడూ త్యాగయ్యగారి తర్వాత ఇక్కడ పాతుకున్న మొక్కలు. కరెంటు తీగలు సీజీలో తుడిపించుకోవచ్చు. కదిలే ఆకుల వెనక ఉన్న తీగ తుడవడం మాత్రం ఖరీదు, అందుకని కెమెరాను ఆకాశం ముందున్న తీగ వైపే తిప్పండి.

దీపం వెలుగులో ప్రమిదకు ఒక వత్తి చాలదు. రెండు మూడు లావు వత్తులు కలిపి వేయండి. ఫ్రేము బయట నుంచి 1900 కెల్విన్ దగ్గర ఉంచిన చిన్న ఎల్ఈడీ, దాని ముందు పలచటి గుడ్డ. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 24 ఫ్రేముల్లో షట్టర్ 172.8 డిగ్రీలు పెట్టాలి. 180 పెడితే చవక లైట్లు నెమ్మదిగా కొట్టుకుంటాయి, సెట్టులో చిన్న మానిటర్ మీద అది కనపడదు.

గుండు, పిలక విషయంలో విగ్గు నమ్మకండి. నుదుటి అంచు దగ్గర అతుకు చెమటకు లేస్తుంది. నిజంగా గీయించుకునే నటుణ్నే తీసుకోండి, రోజూ తెల్లారి మళ్ళీ గీయించండి. సన్యాసం తీసుకున్న చివరి సీన్లకు పిలక కూడా పోతుంది కాబట్టి షెడ్యూల్లో అవే ఆఖరు. నుదుటి బొట్టు ఎలా ఉండాలో మొదటిరోజు ముందే పెద్దల్ని అడిగి తేల్చుకుని ఫొటో తీసి పెట్టుకోండి. అది ప్రతి షాటులోనూ ఉంటుంది, మధ్యలో మారిస్తే అన్నీ మళ్ళీ తీయాలి.

పాట తీసే రోజు

ముందే రికార్డు చేసిన పాటను సెట్లో వినిపించే ప్లేబ్యాక్‌లో (ఇప్పటికీ చాలామంది దాన్ని నాగ్రా అంటారు) పాటకు ముందు రెండు ఆవర్తనాల మృదంగం ఉండాలి. అది లేకుండా నేరుగా పల్లవి మొదలైతే నటుడు మొదటి మాట ఎప్పుడూ ఆలస్యంగా అందుకుంటాడు. పల్లవి మొత్తం ఆపకుండా ఒక టేకు, అనుపల్లవి ఒక టేకు, చరణం ఒక టేకు. ముక్కలు ముక్కలుగా తీస్తే ఊపిరి అతకదు.

స్పీకరు దూరం చూసుకోండి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. నటుడు ఏటి ఒడ్డున స్పీకరుకు ముప్పై మీటర్ల దూరంలో ఉంటే అతనికి పాట రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. పెదవులు అంతే ఆలస్యం. చెవి లోపల చిన్న ఇయర్‌పీసు పెట్టండి, అది లేకపోతే స్లేటు మీద దూరం రాయండి, ఎడిటర్ ఆ రెండు ఫ్రేములు సర్దుకుంటాడు. ఉంఛవృత్తి (పాడుతూ ఇంటింటా బియ్యం అడిగే) సీనులో నటుడు వీధంతా నడుస్తాడు కాబట్టి ఇయర్‌పీసే గతి. ఆ సీనుకు చిన్న తంబురా చాలు, నాలుగడుగుల తంజావూరు తంబురాతో మూడో టేకుకే భుజం వాలిపోతుంది.

విగ్రహాలు దొరికే షాటులో వెలుగు పుంజాలు, పూలవాన వద్దు. ఇసుకలో వేళ్ళు ఆగడం, పాట మధ్యలో ఆగడం చాలు. ‘కనుగొంటిని’ ఎత్తుగడ ఆ నిశ్శబ్దం తర్వాత పడాలి.

అనుమతులు

తంజావూరు బృహదీశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖది, తిరువయ్యారు గుడి ధర్మపురం ఆధీనం అనే శైవ మఠం నిర్వహణలోది. రెండు చోట్లా దరఖాస్తు వేరు, వేళలు వేరు. ఎద్దుబండి, ఆవు, ఏనుగు ఏది కనబడినా షూటింగుకు ముందే జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి. ‘పక్కన కట్టేసిన ఆవే కదా’ అనుకుని తీసేస్తే సెన్సారు దగ్గర ఆ పత్రం అడుగుతారు, అప్పుడు షాటు తీసేయడం తప్ప దారి ఉండదు.

నెట్లో పెట్టేటప్పుడు ఇంకో తలనొప్పి. అదే కృతి, అదే నడక కాబట్టి ఏదో రికార్డింగ్ కంపెనీ ఆటోమేటిక్ క్లెయిము మీ పాట మీద పడొచ్చు. అందుకే రికార్డింగు విడి ట్రాకులు, గాయకుల ఒప్పందాలు, స్టూడియో రసీదు ఒకే ఫోల్డర్లో ఉంచుకోండి. అభ్యంతరం తెలిపే పెట్టెలో ‘సాహిత్యం, సంగీతం త్యాగరాజు (1767–1847), ఈ గానం మా సొంత రికార్డింగు’ అని రాసి, గాయకుడి పేరు, రికార్డు చేసిన తేదీ జతచేయండి.